ట్రెయిల్ పరుగుకి సుఖమైన షూ ఎంచుకోవడం ఎలా? అసలు పరీక్ష దిగుడులోనే

"రోడ్డు మీద 10 కిలోమీటర్లు పరిగెత్తినా ఏమీ అనని కాళ్ళు, మట్టిదారి ఎక్కగానే ఎందుకు మొరాయిస్తున్నాయి?" "ట్రెయిల్ షూ కొన్నాను, బొటనవేలి గోరు నల్లబడింది, సైజు పెంచాలా?" "ఇంతకీ ఏ కంపెనీది కొనమంటారు?"

ట్రెయిల్ పరుగు, అంటే మట్టిదారుల్లో, కొండదారుల్లో పరుగు మొదలుపెట్టినవాళ్ళు తిప్పి తిప్పి ఈ మూడే అడుగుతున్నారు. మూడో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నా పాదానికి అతికినట్టున్న షూ మీ పాదాన్ని కరిచి పెట్టొచ్చు. మిగతా రెండింటికీ మాత్రం జవాబు ఒకటే: మడమ దగ్గర పట్టు, వేళ్ల దగ్గర చోటు. ఈ రెండూ ఉన్నాయో లేదో చదునైన నేల మీద నాలుగడుగులు వేస్తే తెలియదు. వాలు దిగేటప్పుడు తెలుస్తుంది.

ఇది నాకు మూడు జతలు పాడుచేసుకున్నాక గానీ బుర్రకెక్కలేదు. మొదటి జత అమ్మినాయన షూ ముక్కుని వేలితో నొక్కి చూసి "కొలిచి కుట్టినట్టుంది" అన్నాడు. నిజమే, నిలబడినంతసేపూ అలాగే ఉంది. మొదటి పొడవాటి దిగుడులో పాదం అడుగడుక్కీ ముందుకి జారింది. బొటనవేళ్ళు రెండూ షూ ముక్కుకి ఠకఠకా కొట్టుకున్నాయి. ఇంటికొచ్చి సాక్సు విప్పితే ఎడమ గోరు సగం ముదురు ఊదారంగులో ఉంది. అది ఊడిపోయి, కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది పైనే పట్టింది. మీకు ఆ ఏడాది మిగలాలని ఇదంతా రాస్తున్నాను.

కావలసినవి

- పాదం కన్నా పెద్ద తెల్లకాగితాలు రెండు, సన్నని పెన్సిల్, మిల్లీమీటర్లున్న స్కేలు
- పరుగులో వేసుకునే సాక్సులే. ఆఫీసు సాక్సులతో షూ తొడిగి చూడటం దండగ.
- ఇప్పుడు వాడుతున్న పాత షూ, లోపల పాదం కింద పరిచి ఉండే ఇన్‌సోల్‌తో సహా
- మీరు తరచూ పరిగెత్తే దారి ఫోటోలు రెండుమూడు
- దిగి చూడటానికి మెట్లు గానీ, వాలు గానీ
- నచ్చకపోతే వెనక్కి తీసుకునే దుకాణం. ఆన్‌లైన్ అయినా సరే, ఎన్ని రోజుల్లో, ఏ స్థితిలో తీసుకుంటారో ముందే చదివి పెట్టుకోండి.
- సాయంత్రం పూట ఓ గంట తీరిక. పొద్దుటికన్నా సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, పరుగులోనూ అంతే. పొద్దున్నే తొడిగి చూసి కొన్న షూ సాయంత్రానికి బిగుసుకుంటుంది.

ఒక హెచ్చరిక. షుగర్ వల్ల గానీ, మరే కారణం వల్ల గానీ పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు "నాకు హాయిగానే ఉంది" అన్న ఒక్క మాట మీద షూ ఎంచుకోకూడదు. నొప్పి తెలియకుండానే పుండు పడుతుంది. అలాంటివాళ్ళు ముందు డాక్టరుకి పాదాలు చూపించండి.

1. ముందు దారిని చూడండి

ఫోటోలు తీసి ముందు పెట్టుకోండి. మీ పరుగులో సగానికి పైగా నేల ఎలా ఉంటుంది? గట్టిపడిన మట్టా, వదులు కంకరా, రాళ్ళు తేలిన కొండదారా, బురదా, ఇసుకా? ఇంటి నుంచి అక్కడిదాకా రోడ్డు మీద ఎంత దూరం పరిగెడతారు? కాగితం మీద ఒక్క వాక్యం రాయండి: "ముప్పావు వంతు గట్టి మట్టి, పావు వంతు రాళ్ళ దిగుడు, రాను పోను 2 కిలోమీటర్లు రోడ్డు." ఇకపై ఏ షూ చేతిలోకి తీసుకున్నా ఈ వాక్యంతోనే పోల్చి చూస్తారు.

ఏడాదికోసారి వెళ్ళే బురద పందెం కోసం ఏడాదంతా తొడిగే షూ కొనకండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మామూలు రోజుకి కొనండి, ఆ ఒక్క రోజు సర్దుకుపోవచ్చు.

2. పాదాలు రెండూ కొలవండి

కాగితాన్ని గోడకి ఆనించి నేల మీద పరవండి. సాక్సు వేసుకుని మడమ గోడకి తగిలేలా నిలబడండి. కూర్చుని కొలిస్తే కుదరదు, ఒళ్ళు బరువు పడితేనే పాదం దాని అసలు పొడవుకి సాగుతుంది. వీలైతే గీత వేరేవాళ్ళ చేత గీయించండి. మీరే వంగితే బరువు మారిపోయి గీత వంకరపోతుంది. పెన్సిల్ నిటారుగా ఉండాలి. లోపలికి వాలితే పాదం చిన్నదిగా, బయటికి వాలితే పెద్దదిగా వస్తుంది.

గోడ నుంచి అన్నిటికన్నా పొడవైన వేలి కొస దాకా కొలవండి. పొడవైన వేలు బొటనవేలే కానక్కరలేదు, కొందరికి రెండోది ముందుకుంటుంది. తర్వాత వేళ్ల మొదళ్ళ దగ్గర, పాదం అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నచోట అడ్డంగా కొలవండి. రెండో పాదం కూడా. రెండూ సమానంగా ఉన్నవాళ్ళు తక్కువ, 3, 4 మిల్లీమీటర్ల తేడా మామూలే. సైజు ఎప్పుడూ పెద్ద పాదానికే. చిన్నదాని సంగతి లేసులతో చూసుకోవచ్చు.

గీసిన కాగితం పారేయకండి, దానితో ఇంకా పనుంది.

3. కొలతని సైజులోకి మార్చండి

సైజు అంకెలతో జరిగే గందరగోళం అంతా ఇంతా కాదు. యూకే, యూఎస్ లెక్కల్లో ఒక సైజుకీ తర్వాతి సైజుకీ తేడా అంగుళంలో మూడోవంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. అర సైజంటే 4 మిల్లీమీటర్ల పైచిలుకు. యూరప్ సైజుకీ సైజుకీ మధ్య 6.7 మిల్లీమీటర్లు. పురుషుల షూలలో యూకే 8 ఉన్నదాన్ని ఒక కంపెనీ యూఎస్ 9 అంటుంది, ఇంకొకటి 8.5 అంటుంది. అందుకే "నాది 8" అన్న మాటని నమ్ముకోవద్దు. షూ నాలుక లోపలి లేబుల్ మీద సీఎం అనో జేపీ అనో సెంటీమీటర్లలో ఒక అంకె ఉంటుంది. కాస్త నమ్మదగినది అదే, అదీ కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

లెక్క ఇది. పెద్ద పాదం పొడవుకి 10 నుంచి 12 మిల్లీమీటర్లు కలపండి. షూ లోపల అంత పొడవు కావాలి. రోడ్డు షూలో 8 మిల్లీమీటర్ల చోటుతో నెట్టుకొచ్చినవాళ్ళు కూడా దిగుడులో దొరికిపోతారు. ఎక్కువ దూరాలు, అంటే నాలుగైదు గంటలు దాటే పరుగులు చేసేవాళ్ళు ఇంకో 2, 3 మిల్లీమీటర్లు చోటు ఉంచుకోవచ్చు.

ఇన్‌సోల్ ఊడివచ్చే షూ అయితే సరిచూడటం ఇంకా తేలిక. బయటికి తీసి నేల మీద పెట్టి, మడమని దాని గుంటలో సరిగ్గా ఆనించి నిలబడండి. పొడవైన వేలి ముందు ఇందాక చెప్పిన 10, 12 మిల్లీమీటర్ల చోటు కనిపించాలి. పక్కలకి చూడండి. చిటికెన వేలు అంచు దాటి కిందకి వేలాడుతోందా? అయితే ఆ షూ మీకు ఇరుకు. పొడవు ఎంత పెంచినా ఆ ఇరుకు తీరదు.

వెడల్పు పాదాలవాళ్ళు చేసే పొరపాటే ఇది. పక్కల నొక్కుతోందని ఒక సైజు పెంచుతారు. పక్క నొప్పి కాస్త తగ్గుతుంది, మడమ వదులైపోతుంది, పాదం లోపల ఈతలు కొడుతుంది, దిగుడులో గోళ్ళు పోతాయి. సైజు పెంచేముందు వెడల్పు రకం అడగండి. పురుషుల షూలలో మామూలు వెడల్పు డి, వెడల్పైనది 2ఈ, ఇంకా వెడల్పైనది 4ఈ. స్త్రీల షూలలో మామూలుది బి, అంటే ఇంకాస్త సన్నం. కాబట్టి వెడల్పు పాదాలున్న ఆడవాళ్ళు పురుషుల షూ తొడిగి చూడొచ్చు. యూఎస్ లెక్కలో మీ అంకె నుంచి 1.5 తీసేయండి, 8.5 వాళ్ళకి పురుషుల 7 పొడవులో సరిపోతుంది. సన్నపాదాల మగవాళ్ళు ఇదే లెక్కని తిరగేసుకోవచ్చు. బరువుకి తగ్గట్టు మెత్తదనంలో కొద్దిగా తేడా తెలియవచ్చు గానీ, నొక్కుడు కన్నా అది నయం.

4. పాత షూ ఏం చెబుతోందో చదవండి

పాత ఇన్‌సోల్ బయటికి తీసి వెలుతురులో పెట్టండి. వేళ్ల ముద్రలు నల్లగా పడి ఉంటాయి. బొటనవేలి ముద్ర సగం అంచు మీదికి ఎక్కిందంటే ఇన్నాళ్ళూ పొట్టి షూ వాడారు. ముద్రలన్నీ ఒకదాని మీద ఒకటి తోసుకున్నట్టుంటే ముక్కు సన్నం. మడమ దగ్గర లోపలి గుడ్డ చిరిగిందా? అక్కడ ప్రతి అడుగుకీ మడమ పైకీ కిందకీ జారుతోందన్నమాట. పై గుడ్డకి చిటికెన వేలి దగ్గర చిల్లు పడిందా? అదీ ఇరుకుకే గుర్తు.

సోలు అరిగిన తీరు చూసి "మీ కాలు లోపలికి వాలుతోంది, ఫలానా సపోర్టు షూ కావాలి" అని చెప్పేవాళ్ళు ఎదురవుతారు. అరికాలి వంపు చూసి షూ రకం నిర్ణయించే పద్ధతిని అమెరికా సైనిక శిక్షణలో చేరినవాళ్ళ మీద పరీక్షించి చూశారు. గాయాలు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. కాల్గరీ విశ్వవిద్యాలయంలో పాదాల కదలిక మీద దశాబ్దాలు పనిచేసిన బెన్నో నిగ్, ఆయన సహచరులు 2015లో రాసిన మాటా ఇటే మొగ్గుతుంది: పరిగెత్తేవాడు తనకి ఏది హాయిగా ఉందో అది ఎంచుకుంటే మంచిది. పాత గాయం ఉన్నవాళ్ళ సంగతి వేరు, ఫిజియో చెప్పింది వినండి.

5. అడుగుభాగం: పళ్ళు, రబ్బరు

సోలు కింద పొడుచుకొచ్చే రబ్బరు పళ్ళని లగ్స్ అంటారు. ఈ పళ్ళ సోలు పరుగు కోసం పుట్టింది కాదు. 1935లో ఆల్ప్స్‌లో సరైన బూట్లు లేక ఆరుగురు తోటివాళ్ళు చనిపోవడం చూసిన ఇటలీ పర్వతారోహకుడు విటాలే బ్రమానీ, 1937లో రబ్బరు పళ్ళ సోలు తెచ్చాడు. వైబ్రమ్ అన్న పేరు ఆయన పేరులోంచి వచ్చిందే. ఆ పసుపుపచ్చ ముద్ర ఇప్పటికీ చాలా కంపెనీల షూల కింద కనిపిస్తుంది.

మీరు రాసుకున్న వాక్యం తీసి పళ్ళ లోతుతో పోల్చండి:

- గట్టి మట్టి, కొంత రోడ్డు కూడా ఉంటే 2 నుంచి 3.5 మిల్లీమీటర్లు
- మట్టి, కంకర, రాయి కలగలిసిన దారికి 4 నుంచి 5. ఒక్క జతే కొనేవాళ్ళకి ఇది మధ్యేమార్గం.
- జారే బురద, తడిసిన గడ్డి వాలు అయితే 6 పైన. పళ్ళ మధ్య ఎడం కూడా ఉండాలి. దగ్గర దగ్గరగా ఉంటే బురద ఇరుక్కుని నాలుగడుగుల్లో సోలు గుండైపోతుంది.

లోతు పళ్ళు గట్టినేల మీద సుఖమివ్వవు. ఒక్కో పన్ను కింద పాదం విడివిడిగా నొక్కుకుంటుంది, పళ్ళు కూడా ఊరికే అరిగిపోతాయి. తడిసిన బండ మీదైతే పళ్ళ లోతుకన్నా రబ్బరు మెత్తదనమే పట్టు ఇస్తుంది. గోటితో నొక్కి చూడండి, కాస్త జిగురుగా అనిపించే రబ్బరు తడిరాయి మీద నయం. త్వరగా అరగడం దానికి చెల్లించే మూల్యం. నాచు పట్టిన బండ మీద ఏ రబ్బరూ ఆగదు. నడిచి దాటండి.

రాళ్ళ దారి వాళ్ళు ఇంకొకటి చూడాలి. పళ్ళ మధ్య ఖాళీలో బొటనవేలితో గట్టిగా పొడవండి. పోటు లోపల పెట్టిన రెండో చేతికి తెలిసిపోతోందా? అయితే మొనదేలిన రాయి కూడా అరికాలికి అలాగే తెలుస్తుంది. రాక్ ప్లేట్ అని సోలు లోపల పల్చటి గట్టి పలక ఉన్న రకం వెతకండి, లేదా అడుగున మందంగా ఫోమ్ ఉన్నదైనా సరే. గట్టి మట్టి మీదే పరిగెత్తేవాళ్ళకి రెండూ అక్కర్లేదు.

6. మందం, డ్రాప్

మడమ కింద మందం 30 మిల్లీమీటర్లు, వేళ్ల మొదళ్ళ కింద 24 అనుకోండి. తేడా 6, అదే డ్రాప్. మందం వేరు, డ్రాప్ వేరు, ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం. 2009లోనే రెండు కంపెనీలు పుట్టాయి. ఆల్ట్రా మడమా ముందరిపాదమూ ఒకే ఎత్తులో ఉండాలంది, వేళ్ల దగ్గర విశాలంగా ఉంచింది. దిగుళ్ళలో వేగంగా పరిగెత్తాలనుకున్న ఇద్దరు ఫ్రెంచివాళ్ళు మొదలుపెట్టిన హోకా, సోలుని మందపాటి దిండులా చేసింది. అంత మందం ఉన్నా డ్రాప్ మాత్రం తక్కువే పెట్టింది. రెండింటికీ ప్రాణమిచ్చే అభిమానులున్నారు, రెండింటినీ తొడిగి "నా వల్ల కాదు" అన్నవాళ్ళూ ఉన్నారు.

మీరు చేయాల్సింది చిన్న పని. పాత షూ డ్రాప్ ఎంతో కంపెనీ వివరాల్లో చూడండి, కొత్తది దానికి 2 నుంచి 4 మిల్లీమీటర్లలోపు తేడాతో తీసుకోండి. 10 నుంచి ఒక్కసారి సున్నాకి దిగితే పిక్కలూ, పిక్కని మడమకి కలిపే ఆకిలిస్ స్నాయువూ పట్టేస్తాయి. అలాంటిదే కావాలనుకుంటే వారానికి ఒక చిన్న పరుగుతో మొదలుపెట్టి, రెండుమూడు నెలల్లో పూర్తిగా మారండి.

మందం విషయంలో అరచేతితో నొక్కి మురిసిపోకండి. మరీ ఎత్తయిన, మరీ మెత్తని షూ రాళ్ళ మీద చీలమండని అటూ ఇటూ ఊపుతుంది. నేల మీద కాలు ఎక్కడ పడిందో తెలియనివ్వదు. చీలమండ తరచూ మెలిక పడేవాళ్ళు కాస్త తక్కువ ఎత్తున్నదీ, అడుగు వెడల్పున్నదీ చూడండి.

బరువు గురించి కూడా అడుగుతుంటారు. ఒక్కో షూకి 100 గ్రాములు పెరిగితే పరుగుకి సుమారు 1 శాతం శక్తి అదనంగా ఖర్చవుతుంది. అంటే 20 గ్రాముల తేడా చూసి తలబద్దలు కొట్టుకోనక్కరలేదు.

వాటర్‌ప్రూఫ్ కావాలా? చలిలో, మంచులో, మంచుకి తడిసిన గడ్డిలో బాగానే ఉంటుంది. చీలమండ దాకా నీళ్ళలో దిగే దారికి వద్దు. పైనుంచి లోపలికొచ్చిన నీళ్ళు బయటికి పోవు, పరుగంతా కుండలో కాళ్ళు పెట్టుకున్నట్టే. మామూలు జాలీ గుడ్డయితే పది నిమిషాల్లో నీళ్ళు పిండేసుకుంటుంది.

7. తొడిగి పరీక్షించండి

కనీసం మూడు రకాలు తెప్పించుకోండి. ఎడమకాలికి ఒకటి, కుడికాలికి ఇంకొకటి తొడిగితే తేడా చప్పున తెలుస్తుంది. నచ్చినదాన్ని తర్వాత రెండు కాళ్ళకీ వేసుకోండి. ఇప్పుడు వరసగా:

క) లేసులు కట్టకముందు పాదాన్ని ముందుకి తోసి, వేళ్ళు ముక్కుకి ఆనించండి. మడమ వెనక మీ చూపుడువేలు దూరాలి. నలిగితే పొట్టి, రెండు వేళ్ళు దూరితే పొడుగు.

ఖ) మడమని వెనక్కి తన్ని, ఆ తర్వాతే లేసులు బిగించండి. చాలామంది నిలబడి బిగిస్తారు, మడమ తన చోటికి వెళ్ళనే వెళ్ళదు. కూర్చుని, మడమ నేలకి కొట్టి, వేళ్ళు పైకెత్తి బిగించండి.

గ) వేళ్ళు లోపల కదిలించండి, పియానో వాయించినట్టు. ఒక్కో వేలూ విడిగా కదలాలి.

ఘ) షూని చేతుల్లోకి తీసుకుని వంచండి. వేళ్ల మొదళ్ళ దగ్గర వంగాలి. నడిమధ్యలో, అరికాలి వంపు దగ్గర పుస్తకంలా మడతపడితే ఆ జత వదిలేయండి.

ఙ) ఇది అన్నిటికన్నా ముఖ్యం. మెట్లు గానీ, వాలు గానీ పది పదిహేనుసార్లు దిగండి, కాస్త వేగంగా, ఆగుతూ ఆగుతూ. ఒక్కసారైనా వేలి కొస షూకి తగిలిందా? మొదట లేసులు మళ్ళీ బిగించి చూడండి. అప్పుడూ తగిలితే ఆ షూ వద్దు, దాని రంగు ఎంత బాగున్నా సరే.

చ) ఎక్కేటప్పుడు మడమ లేస్తోందా? 2, 3 మిల్లీమీటర్లు కదిలితే పర్లేదు, లేసులు సర్దుకుంటాయి. చెప్పులా టపటపలాడితే పర్లేదనకండి.

ఛ) ఇంట్లో అరగంటసేపు వేసుకుని తిరగండి, శుభ్రమైన గచ్చు మీద. పెట్టె, చీటీలు అలాగే ఉంచండి. తర్వాత సాక్సులు విప్పి పాదం చూడండి. ఎర్రటి గీతలు పది నిమిషాల్లో పోతే సరే, పోకపోతే అక్కడే రేపటి బొబ్బ.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు వీలైతే పక్కపక్క సైజులు రెండు తెప్పించుకుని, 2వ మెట్టులో గీసిన కాగితం మీద ఇన్‌సోల్ పరిచి పోల్చండి. పాదం గీత ఇన్‌సోల్ అంచు దాటి ఎక్కడ బయటికి వస్తోందో అక్కడే నొక్కుతుంది.

8. లేసుల సంగతి

షూ మార్చేముందు లేసు మార్చండి. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే మందు.

మడమ జారుతుంటే: అన్నిటికన్నా పైన, కాస్త వెనగ్గా ఒక అదనపు రంధ్రం ఉంటుంది. ఎందుకుందో తెలియక అందరూ ఖాళీగా వదిలేస్తారు. కిందనుంచి మామూలుగా అల్లుకొచ్చి, చివరి మామూలు రంధ్రంలోంచి బయటికొచ్చిన లేసుని అదే పక్కనున్న అదనపు రంధ్రంలోకి, బయటినుంచి లోపలికి దూర్చండి. మధ్యలో చిన్న ఉచ్చు మిగులుతుంది. రెండో పక్కా అంతే. ఇప్పుడు కుడి లేసు ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసు కుడి ఉచ్చులోంచి తీసి, పైకి కాకుండా కిందకి, వెనక్కి లాగండి. మడమని చేత్తో పట్టుకున్నట్టు అయిపోతుంది. అప్పుడు ముడి వేయండి. దిగుడులో గోళ్ళు కాపాడేదీ ఈ ముడే.

పాదం పైన ఎముక నొక్కుకుంటుంటే: నొక్కే చోట లేసులు అడ్డంగా దాటించకుండా, ఏ పక్కది ఆ పక్కనే నిలువుగా పై రంధ్రంలోకి తీయండి. అక్కడ కిటికీలాగా ఖాళీ వస్తుంది.

వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే: ముందున్న రెండు వరసలు వదులు చేసి, పైవి మాత్రమే బిగించండి. అన్నీ ఒకే బిగువున లాగడం అలవాటైన తప్పు.

9. మొదటి మూడు పరుగులు

మొదటిది 3, 4 కిలోమీటర్లు, తెలిసిన దారిలో. రెండోది అంతే దూరం, ఓ మంచి దిగుడుతో. మూడోది మీ మామూలు దూరంలో సగం. ఎక్కడైనా మండినట్టు అనిపిస్తే అక్కడే ఆగి సాక్సు ముడత సర్దండి, ఇసుక దులపండి, అవసరమైతే టేపు అంటించండి. "ఇంకో కిలోమీటరేగా" అనుకుంటే ఆ కిలోమీటరులోనే బొబ్బ లేస్తుంది. సాక్సు సింథటిక్ గానీ, మెరీనో ఉన్ని గానీ అయ్యుండాలి. నూలు సాక్సు చెమటని పట్టి ఉంచి చర్మాన్ని నానబెడుతుంది.

పందెం రోజున కొత్త షూ తొడగొద్దు. ఇది అందరికీ తెలుసు, అయినా ప్రతి పందెంలో ఒకరు మెరిసిపోయే జతతో వచ్చి కుంటుకుంటూ వెళతారు. ఒకసారి అది నేనే.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

మూడో పరుగు తర్వాత వెలుతురులో కూర్చుని చూడండి.

గోళ్ళు: ఒక్కోదాన్నీ పైనుంచి మెల్లగా నొక్కండి. నొప్పి ఉంటే రంగు మారకపోయినా దెబ్బ తగులుతున్నట్టే. ముందు గోళ్ళు పొట్టిగా కత్తిరించుకున్నారా అన్నది చూసుకోండి, సగం గోళ్ళు షూ వల్ల పోవు, పెరగనివ్వడం వల్ల పోతాయి. గోరు నల్లబడి టపటపా కొట్టుకుంటున్నట్టు నొప్పి పెడితే ఇంట్లో సూది పట్టుకోకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

చర్మం: మడమ వెనకా, చిటికెన వేలి పక్కనా, అరికాలి వంపు లోపలి అంచునా ఎర్రదనం ఉందా? మడమ వెనకైతే లేసు ఉచ్చు, చిటికెన వేలైతే వెడల్పు, వంపు దగ్గరైతే ఇన్‌సోల్ మార్చి చూడాలి.

పిక్కలు: మర్నాడు పొద్దున మంచం దిగిన మొదటి నాలుగడుగులు గమనించండి. మడమ వెనక బిగుసుకున్నట్టుంటే డ్రాప్ తేడా ఎక్కువైంది, ఈ జతతో పరుగులు తగ్గించండి.

షూ లోపల: ఇన్‌సోల్ ముందుకి జరిగి ముడతపడిందా? పాదం జారుతోందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

"వాడగా వాడగా సర్దుకుంటుంది" అన్న మాట మీద ఆశ పెట్టుకోకండి. పై గుడ్డ కొద్దిగా మెత్తబడుతుంది, ఫోమ్ కాస్త అణుగుతుంది. పొడవు మాత్రం పెరగదు, ముక్కు కూడా వెడల్పు కాదు. తిరిగి ఇచ్చే గడువు దాటకముందే తేల్చుకోండి.

ఆరబెట్టడం, మార్చడం

తడిసిన షూని ఎండలో గానీ, హీటరు పక్కన గానీ పెట్టొద్దు. జిగురు వదులుతుంది, ఫోమ్ గట్టిపడుతుంది, కొన్ని కుంచించుకుపోతాయి కూడా. అంత కష్టపడి కుదుర్చుకున్న సైజు అలా పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పాత న్యూస్‌పేపరు కుక్కి, నీడలో గాలి తగిలేచోట ఉంచండి. కాగితం తడిస్తే మార్చండి.

500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య ఎక్కడో షూ ఆయుష్షు తీరుతుంది. మనిషి బరువు, నేల రకం బట్టి ముందో వెనకో. కిలోమీటర్ల కన్నా కళ్ళు నయం. మడమ, బొటనవేలి మొదలు దగ్గర పళ్ళు గుండయ్యాయా, చదునైన బల్ల మీద పెడితే షూ ఒక పక్కకి ఒరుగుతోందా, ఇంతకుముందు తెలియని రాళ్ళు అరికాలికి తెలుస్తున్నాయా అని చూడండి. కొన్న తారీఖు షూ నాలుక లోపల పెన్నుతో రాసి ఉంచుకోండి, "మొన్ననేగా కొన్నది" అనే భ్రమ పోతుంది.

మళ్ళీ కొనేటప్పుడు అదే మోడల్ అయినా వెర్షన్ అంకె మారిందేమో చూడండి. మారితే షూ తయారుచేసే అచ్చు కూడా మారి ఉండవచ్చు, అప్పుడు 7వ మెట్టు మళ్ళీ మొదటినుంచి. బాగా కుదిరిన పాత జతని పారేసే ముందు దాని ఇన్‌సోల్ తీసి దాచుకోండి. వేళ్ల ముద్రలు పడిన ఆ ముక్కని పట్టుకెళ్ళి కొత్త ఇన్‌సోల్ మీద పరిచి చూస్తే, సైజు అంకె అడగాల్సిన పనే ఉండదు.